మేనత్తకు మేనత్త

"కాలు చాపు," అంది లతాయి.

లూపే చాపలేకపోయింది.

"చాపమంటున్నానా? శనివారం కొత్త చర్చి ముందు, పెద్ద దీవి నుంచి వచ్చే పాస్టర్లందరి ముందు పండగ నాట్యంలో మొదటి ఆట నీది. మా పుట్టింటి పిల్లే ముందు ఆడాలని ఎంతమందితో పోట్లాడానో నీకేమైనా తెలుసా? నువ్విక్కడ మోకాలు ముడుచుకుని ముసలి కుక్కలా పడుకున్నావు."

పదమూడేళ్ల లూపే, చుట్టి గోడవార పెట్టిన చాపలకి వీపు ఆన్చుకుని, కూర్చున్నట్టుగా పడుకుని ఉంది. కుడి మోకాలు సీమపనస పిందెలా ఉబ్బింది. మొన్న ఎడమ మడమ వాచింది. అది తగ్గిందని సంతోషించేలోపే వాపు మోకాలికి వచ్చి కూర్చుంది. ఒళ్లు కాలిపోతోంది.

"వెల్లకిలా పడుకోబెడితే ఆయాసపడుతోంది వదినగారూ," అంది తల్లి పెలెనైసి, తడిగుడ్డ పిండుతూ. "అందుకే ఆనించి ఉంచాను."

"నిన్నడిగానా?"

అడగలేదు. ఈ ఇంట్లో పెలెనైసిని ఎవరూ ఏదీ అడగరు. పెళ్లయి పద్నాలుగేళ్లయింది. ఉప్పు సరిపోయిందా అని కూడా ఎవరూ అడిగిన గుర్తు లేదు.

మా దీవుల్లో పిల్లని కనేది తల్లి. పిల్ల ఏం చెయ్యాలో చెప్పేది మేనత్త. తండ్రికి అక్క అంటే ఆ ఇంటికి ఆమెని మించిన మనిషి లేదు. ఆమె వేలు చూపించిన చాప ఆమెదే, పంది ఆమెదే, పిల్లా ఆమెదే. చాలా ఇళ్లల్లో ఆ హక్కుని ముద్దుగానే వాడుకుంటారు. లతాయి మాత్రం చీపురులా వాడుతుంది. మర్యాదకి కట్టే సన్నచాప నడుముకి చుట్టుకుని, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో ఆమె కూర్చున్న తీరు చూస్తే, ఆ చర్చి దేవుడి కోసం కట్టిందో ఈవిడ కోసం కట్టిందో ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఇంటి యజమాని కిలిఫి బయట గోడకి చేరబడి వల అల్లుకుంటున్నాడు. అక్క లోపల ఉంటే ఎదిగిన తమ్ముడు అదే కప్పు కింద కూర్చోకూడదు. అది మర్యాద. సొరచేపని ఒంటిచేత్తో పడవలోకి లాగిన మనిషి ఆ మర్యాద చాటున ఎంత హాయిగా దాక్కున్నాడో చూస్తే ఒళ్లు మండుతుంది.

"జుట్టు విరబోసుకుని సమాధుల పక్క నుంచి నడిచి ఉంటుంది," అంది లతాయి, తెచ్చిన నోని ఆకులు అరచేతిలో నలుపుతూ. "ఎవరో పట్టుకున్నారు. ఈ ఆకు రెండు పూటలు కడితే వదిలేస్తారు."

"ఎవరూ పట్టుకోలేదు." పెలెనైసి తడిగుడ్డని గిన్నెలో వేసింది. "సూది తప్పింది వదినగారూ. ఒకసారి కాదు, రెండుసార్లు."

లతాయి చేతుల్లో ఆకు ఆగింది.

"ఏంటన్నావు?"

"నిరుడు ఇదే జ్వరం వచ్చినప్పుడు నర్సమ్మ ఏం చెప్పింది? గొంతు నొప్పితో మొదలై కీళ్లలోకి దిగి, మళ్లీ మళ్లీ వస్తే గుండె తలుపుల్ని పాడుచేస్తుందని. నాలుగు వారాలకొక సూది పడితే రాదని. ఏడాదిపాటు పడింది, రాలేదు. రెండు నెలల నుంచి మీరే ఆపారు."

"సూది పొడిస్తే రెండ్రోజులు కుంటుతుందే పిల్ల! కుంటుకుంటూ ఆట నేర్చుకుంటుందా? పండగ అయ్యాక పొడిపించుకోవచ్చన్నాను. అది తప్పా?" లతాయి గోడ వైపు తిరిగి గొంతు పెంచింది. "వింటున్నావురా కిలిఫీ? నీ పెళ్లాం నాకు వైద్యం నేర్పుతోంది! నత్తలు ఏరుకుని బతికే దీవి నుంచి తెచ్చుకున్నప్పుడే చెప్పాను, దానికి పెద్దా చిన్నా తెలీదని."

గోడ అవతల వల అల్లే చప్పుడు ఆగింది.

"చెప్పవయ్యా," అంది పెలెనైసి. "నీ కూతురే కదా. ఏదో ఒకటి చెప్పు."

పెరట్లో పంది గుర్రుమంది. దానికున్నపాటి ధైర్యం కూడా యజమానికి లేదు.

"అక్క ఇష్టం," అన్నాడు కిలిఫి ఆఖరికి.

మళ్లీ వల అల్లే చప్పుడు మొదలైంది.

*

నర్సు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి ఎక్కింది. వెంట సెయిని ఉంది.

సెయినిని తెలియని ఇల్లు ఈ దీవిలో లేదు. కొడుకు మాకా పదిహేనేళ్లకి ఇదే రోగంతో పోయాడు. రగ్బీ ఆడుతూ ఆయాసపడితే బద్ధకం అని తిట్టింది. ఆ తిట్టే చివరి మాట అయింది. పాతిపెట్టిన నలభయ్యో రోజున ఇల్లిల్లూ తిరిగి తల్లులందరినీ పోగుచేసింది. చెట్టుబెరడు కొట్టి బట్ట చేసే షెడ్డులో ఇరవై ఎనిమిది రోజులకోసారి సూదుల రోజు పెట్టించింది. పిల్లలు చాప మీద బోర్లా పడుకుంటే, వాళ్ల ఏడుపు వినపడకుండా తల్లులు బెరడు మీద సుత్తులు వేస్తూ పాటలు పాడతారు. జాబితాలో ఉన్నది పదకొండు మంది పిల్లలు. ఇవాళ షెడ్డుకి పదిమందే వచ్చారు.

నర్సు చాప మీద కూర్చుని లూపే ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది. ఎడమ పక్క విన్నది, వీపు మీద విన్నది, మళ్లీ ముందుకొచ్చి విన్నది. అంతసేపు వినడం చూసి సెయిని మొహం తిప్పుకుంది. మాకాకి కూడా అలాగే విన్నారు.

"పోయినసారి లేని చప్పుడు ఇప్పుడు ఉంది," అంది నర్సు. "ఇది ఇక్కడ తేలేది కాదు. సూది ఇప్పుడు ఇస్తాను, కానీ పిల్లని నాతోపాటు పెద్ద దీవి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆటుకి నీళ్లు తీసేలోపే పడవ పగడపు దిబ్బ దాటాలి. మూడు గంటలకి రేవులో ఉండండి."

"సోమవారం పడవలో పంపిస్తాను," అంది లతాయి.

"ఇవాళ మంగళవారం."

"రోజులు నాకూ తెలుసమ్మా. శనివారం చర్చి తెరుస్తున్నారు. ఆట కాగానే పంపిస్తాను."

"ఈ కాలితో ఆడుతుందా?"

"నూనె పట్టించి నిలబెడితే అదే ఆడుతుంది. మా రక్తం అలాంటిది."

నర్సు వయసులో చిన్నది, లతాయి కూతురీడు ఉంటుంది. చూపు మాత్రం దించలేదు. "సోమవారానికి మీరు పంపించడానికి ఏం మిగులుతుందో నేను చెప్పలేను," అంది.

పెలెనైసి చేతిలోని గిన్నె ఒలికింది.

"శాపనార్థాలు పెడుతున్నావా?" లతాయి కుర్చీలోంచి లేచింది. "ఇదంతా నీ పనే సెయినీ. నీ కొడుకు పోయాడని ఊరందరి పిల్లల మీదా చావు కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతున్నావు. నీ ఏడుపు నీ ఇంట్లో పెట్టుకో."

సెయిని చేతిలోని జాబితా పుస్తకాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"రూలు ప్రకారం తల్లి ఒప్పుకుంటే చాలు," అంది నర్సు, పెలెనైసి వైపు తిరిగి. "మీరు ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నాను," అంది పెలెనైసి. మాట స్పష్టంగానే వచ్చింది. "లే లూపే. నేను ఎత్తుకుంటాను."

లూపే రెండు చేతులతో చాప అంచు పట్టుకుంది.

"నేను రాను."

"ఏంటే?"

"అత్త వద్దంది." పిల్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటోంది. "అత్త మాట కాదంటే నాకు పిల్లలు పుట్టరు. ఇల్లు ఉండదు. అత్త చెప్పేదాకా రాను. సూది కూడా వద్దు."

లతాయి మళ్లీ కుర్చీలో కూర్చుంది. సన్నచాప సర్దుకుంది. ఒక్క మాటా అనకుండా అంత తృప్తిగా నవ్విన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. జ్వరంలో మూలుగుతున్న పిల్ల తన మాట జవదాటలేదని ఆ మురిపెం.

నర్సు సంచీ మూసింది. "ఏడ్చే పిల్లని పడవలోకి ఈడ్చుకెళ్లలేను. మూడు గంటలదాకా రేవులోనే ఉంటాను," అని వెళ్లిపోయింది.

*

వంటపాక వెనక పెలెనైసి సెయిని చెయ్యి పట్టుకుని నిలబెట్టింది.

"ఆ పుస్తకం తెరువు."

"ఎందుకే ఇప్పుడు?"

"తెరువు! లూపే పేరు ఎదురుగా ఎవరి సంతకం ఉంది?"

సెయిని తెరవలేదు. తెరవక్కర్లేదు. ఊరందరికీ తెలుసు. మొదట్లో సూదుల రోజు వస్తే పిల్లలు కొబ్బరిచెట్లెక్కి దాక్కునేవాళ్లు. తల్లులు బతిమాలేవాళ్లు, తండ్రులు చేపలకని వెళ్లిపోయేవాళ్లు. అప్పుడు సెయినికి ఓ ఆలోచన తట్టింది. తల్లి మాట కాదనే పిల్లలు ఉన్నారు గానీ మేనత్త మాట కాదనే పిల్ల ఈ దీవిలో పుట్టలేదు. అందుకని ప్రతి పిల్ల పేరు ఎదురుగా మేనత్తల చేత సంతకం పెట్టించింది. మేనత్తలు ఉబ్బిపోయారు. ఆ నెల నుంచి మొన్నమొన్నటిదాకా ఒక్క సూదీ తప్పలేదు. పెద్ద దీవి నుంచి డాక్టర్లు వచ్చి చూసి మెచ్చుకుని ఫోటోలు తీసుకుని వెళ్లారు. ఆ ఫోటోలో మధ్యలో ఉన్నది లతాయి.

"సూది వేయించుకోమన్న నోరే వద్దనగలదని నీకు తోచలేదా అక్కా?" అంది పెలెనైసి. "పిల్లల మెడకి తాడు కట్టి వాళ్ల చేతికిచ్చావు. నేను కన్నదాన్ని, నా సంతకం పనికిరాలేదు. ఆవిడ పండగ పనికొచ్చింది."

"పది ఇళ్లల్లో బాగానే జరిగింది కదే..."

"పది ఇళ్ల సంగతి నాకెందుకు?"

సెయిని కూలబడి కొబ్బరి డొక్కల మీద కూర్చుంది. "నిజమే," అంది. "ఊరి మంచి కోసం చేశాననుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆవిడ రెండు నెలలు వరసగా 'వచ్చేసారి' అంటే నేనూ రాసుకున్నాను. గట్టిగా అడగలేదు. అడిగితే మిగతా మేనత్తలు కూడా ఎదురుతిరుగుతారని భయపడ్డాను."

"అందరికీ భయమే. లోపలున్న దానికి తప్ప."

గోడ అవతల కిలిఫి వల అల్లుతున్నాడు. ఆ వల పూర్తయితే సముద్రం మొత్తం పట్టేట్టుంది.

"ఆవిడకీ ఒక మేనత్త ఉంది," అంది సెయిని ఉన్నట్టుండి.

పెలెనైసి తల ఎత్తింది.

"సలోమే ముసల్ది. కిలిఫికీ లతాయికీ సొంత మేనత్త. బతికే ఉంది కదా?"

"బతికే ఉంది," అంది పెలెనైసి. "మామగారి శవం దగ్గర బట్టలూ చాపలూ అన్నీ ఆవిడే తీసుకుందని వదినగారికి కోపం. రెండేళ్లయింది, ఆ గుమ్మం తొక్కలేదు. నన్నూ తొక్కనివ్వలేదు."

"ఇప్పుడు తొక్కు."

*

సలోమే దీవి చివర, గాలి కొట్టే వైపు, ఒంటరిగా ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. చేసుకుంటానన్న వాళ్లలో ఒక్కడూ తన కాలిగోటికి సరిపోలేదని ఇప్పటికీ చెబుతుంది. ఒక కంట్లో పువ్వు పడింది. రెండో కన్ను ఇద్దరికి సరిపడా చూస్తుంది.

పెలెనైసి గుమ్మంలోనే చతికిలబడి, తలదించుకుని, జరిగింది మొత్తం చెప్పింది. ముసలమ్మ మధ్యలో అడ్డుకోలేదు. చెప్పడం అయ్యాక పుక్కిలించి బయటికి ఉమ్మింది.

"ఆదివారం పొయ్యిలో మీ ఇంట్లో చామాకు పొట్లాలు వండుతారా?"

"వండుతాం అత్తమ్మా."

"కొబ్బరిపాలు పోసి?"

"పోసే."

"రెండేళ్లయింది, ఒక్క పొట్లం ఈ గుమ్మానికి రాలేదు. వాసన మాత్రం గాలికి కొట్టుకొస్తుంది. ఇవాళ నీకు నేను గుర్తొచ్చాను."

"తప్పయింది అత్తమ్మా."

"నీదేం తప్పు? వదిన వద్దంటే కుక్కకి కూడా పెట్టని రకం నువ్వు. మగడు చూస్తే గోడకి ఆనించిన తెడ్డు. వాడి అక్కకేమో చర్చి పిచ్చి. చిన్నప్పుడు దాని ముక్కు నేను తుడిచేదాన్ని, ఇప్పుడది ఆకాశం వైపు ఎత్తుకుని తిరుగుతోంది." ముసలమ్మ చేతికర్ర కోసం తడుముకుంది. "పిల్ల ఆయాసపడుతోందా?"

"వెల్లకిలా పడుకోలేదు. ఆనించి కూర్చోబెడితేనే నిద్రపోతుంది."

ముసలమ్మ చెయ్యి కర్ర మీదే ఆగింది. "నా చెల్లెలు అలాగే కూర్చుని కూర్చుని పోయింది," అంది. "అప్పుడు సూదుల్లేవు. ఇప్పుడుండి కూడా మానుకున్నారంటే మీరు మనుషులా? లే, చెయ్యివ్వు."

*

సలోమే గుమ్మంలోకి రాగానే లతాయి కుర్చీలోంచి లేచిన వేగం చూసి తీరాల్సిందే. లేవడమే కాదు, నడుము చాప సర్దుకునే తీరిక కూడా లేకుండా నేల మీద కూర్చుంది. తల దించింది. పొద్దుట్నుంచి ఆ కుర్చీలో విరగబడిన ఒళ్లు ఇంతలోనే సగమైపోయింది.

ముసలమ్మ కుర్చీలో కూర్చోలేదు. కర్రతో దాన్ని పక్కకి తోసింది.

"కిలిఫీ! గుమ్మం దగ్గరికి రా. లోపలికి రాకు, మర్యాద పోతుంది. నీ మర్యాద నాకు కావాలి మరి, దాచుకో."

కిలిఫి వచ్చి గడప బయట మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"లతాయీ. ఈ పిల్లకి సూదులు ఆపింది నువ్వేనా?"

"పండగ కోసం అత్తా... మన వంశం పేరు..."

"నీ పేరు అను. మా వంశం ఎప్పుడూ పిల్లల్ని చంపి ఆడించలేదు." ముసలమ్మ వంగి లూపే మోకాలి మీద కట్టిన ఆకులు ఊడబెరికి లతాయి ఒళ్లో పడేసింది. "ఇది నువ్వు కట్టుకో. నీ బుర్రకి."

లతాయి ఆకుల్ని ఒళ్లోంచి తియ్యనైనా తియ్యలేదు. చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి. నాకు జాలి వేయలేదు. పిల్ల మూలుగుతుంటే రాని కన్నీళ్లు తన పరువు పోతుంటే వచ్చాయి.

"లూపే," అంది సలోమే. గొంతు మారలేదు గానీ ఆ ఒంటికన్ను మెత్తబడింది. "నేనెవరు?"

"నాన్న మేనత్త," అంది పిల్ల.

"మీ అత్త నా మాట దాటుతుందా?"

లూపే తల అడ్డంగా ఊపింది.

"అయితే విను. సూది వేయించుకుంటావు. పడవ ఎక్కుతావు. నీకు పిల్లలూ పుడతారు, ఇల్లూ ఉంటుంది. నేను చెబుతున్నాను."

పిల్ల చేతులు చాప అంచుని వదిలేశాయి.

సెయిని రేవుకి పరుగెత్తి నర్సుని పిలుచుకొచ్చింది. సూది దిగేటప్పుడు పాడడానికి తల్లులెవరూ లేరు. పెలెనైసి ఒక్కతే సన్నగా పాట అందుకుంది, రెండో చరణం రాక ఆగిపోయింది. లూపే అరవలేదు. తల్లి వేళ్లు మాత్రం నలిపేసింది.

అంతా అయిందనుకున్నారు.

"ఇప్పుడు నా మాట," అంది ముసలమ్మ. కర్ర ఎత్తి లూపే వైపు చూపించింది. "ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఈ పిల్ల నా ఇంట్లో ఉంటుంది. ఇక నాది."

మేనత్త వేలు చూపిస్తే చాప ఆమెదే, పందీ ఆమెదే.

"మీ ఇష్టం అత్తా," అన్నాడు కిలిఫి, గడప బయట నుంచి.

ఎంత తొందరగా అన్నాడు! పొద్దున అక్కకి ఇచ్చిన మాటే, తల్లి నుంచి పిల్లని తీసేసేటప్పుడు కూడా అదే మాట. వేరే మాట నేర్చుకున్నట్టు లేదు.

"నిన్నెవడు అడిగాడురా, తెడ్డూ?" ముసలమ్మ అతని వైపు చూడనైనా లేదు. పెలెనైసి వైపు తిరిగింది. "నిన్ను అడుగుతున్నాను. ఇక్కడ ఉంటే రేపు ఇంకో పండగ వస్తుంది, ఇంకో 'అక్క ఇష్టం' వస్తుంది. నా దగ్గరుంటే ఏ సూదీ తప్పదు. చెప్పు. ఇస్తావా?"

పద్నాలుగేళ్లలో ఈ ఇంటి మనిషి ఆమెని అడిగిన మొదటి మాట అది.

పెలెనైసి లూపే మోకాలి వైపు చూసింది. పిల్ల మెడ దగ్గర నరం గబగబా కొట్టుకుంటోంది. ముసలమ్మ మీద అసహ్యమూ కృతజ్ఞతా ఒకేసారి పొంగాయి. తన మీద తనకి అంతకంటే ఎక్కువ అసహ్యం కలిగింది. పొద్దున్నే పిల్లని భుజాన వేసుకుని రేవుకి నడిచి ఉంటే ఇవాళ ఈ బేరం ఉండేది కాదు. పోయిన నెల నడిచి ఉంటే ఈ జ్వరమే ఉండేది కాదు.

"తీసుకోండి," అంది. "కానీ ప్రతి సూదికీ పక్కన కూర్చునేది నేనే. అది ఎవరి ఇష్టమూ కాదు."

సెయిని పుస్తకం తెరిచి, లూపే పేరు ఎదురుగా ఉన్న సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, పెన్ను పెలెనైసి చేతిలో పెట్టింది.

ముసలమ్మ నవ్వింది. పళ్లు లేని నవ్వు. "దీనికి నోరుంది," అంది. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో."

"నేను బట్టలు సర్దుకుంటాను. పడవకి వేళయింది," అంది పెలెనైసి లేస్తూ.

"నువ్వెక్కడికి?"

"పిల్లతో..."

"పిల్లతో వెళ్లేది నువ్వు కాదు." సలోమే కర్ర పెలెనైసిని దాటి, నేల మీద కూర్చున్న లతాయి భుజం మీద ఆగింది. "ఇది వెళ్తుంది. శనివారం పాస్టర్ల పక్కన కాదు, ఆసుపత్రి నేల మీద కూర్చుంటుంది. తను ఏం చేసిందో డాక్టర్ల నోటే వింటుంది."

"అత్తమ్మా! పిల్ల గురించి ఆవిడకేమీ తెలీదు!"

"తెలుసుకుంటుంది."

"ఆవిడ మీద కోపం నా మీద తీర్చుకోకండి..."

"నా మాట అయిపోయింది," అంది ముసలమ్మ.

అందరిలాగే ఆవిడకీ తన మాటే ముఖ్యం. అక్కడ తల్లికి పిల్ల, పిల్లకి తల్లి అవసరమన్న సంగతి ఆ ఒంటికంటికి కూడా ఆనలేదు.

*

రేవులో నీళ్లు తీయడం మొదలైంది. కిలిఫి కూతుర్ని రెండు చేతుల మీదా మోసుకుంటూ నడుం లోతు నీళ్లలోకి వెళ్లాడు. పడవలో అక్క ఉంది కాబట్టి అటు చూడకుండా, మొహం పక్కకి తిప్పుకుని, పిల్లని సరుకులా పైకి అందించాడు. లూపే "అమ్మా" అంది. అతను విననట్టే వెనక్కి తిరిగాడు. అతని మొహం తడిగా ఉంది. సముద్రపు నీళ్లే అనుకోనిచ్చాడు.

పెలెనైసి ఒడ్డునే ఉంది. ముసలమ్మ, పక్కనే బోర్లించి ఉన్న చిన్న పడవ మీద కూర్చుని, పిల్ల చాప తన ఇంటికి ఎప్పుడు తెస్తారని సెయినిని అడుగుతోంది.

ఇంజన్ అందుకుంది. నర్సు వెనక చివర మందుల పెట్టె తాళ్లు కడుతూ, వీపు ఇటు పెట్టి ఉంది. ముందువైపు లతాయి తన సన్నచాప విప్పి పరిచి దాని మీద లూపేని వెల్లకిలా పడుకోబెట్టింది. మంచి మనసుతోనే పరిచింది, ఆ చాప ఆమె ఎవరికీ ముట్టుకోనివ్వదు. పిల్ల వెంటనే లేవబోయింది. లతాయి పడుకోబెట్టింది. పిల్ల మళ్లీ లేవబోయి, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంది.

లతాయి చేతులు గాలిలో ఆగిపోయాయి. ఎటు పట్టుకోవాలో ఆ చేతులకి తెలియలేదు. చుట్టూ చూసింది, ఆఖరికి ఒడ్డు వైపు చూసింది.

"ఏమే పెలెనైసీ!" అని కేక వేసింది. ఆ గొంతులో పొద్దుటి లతాయి లేదు. "దీన్ని ఎలా పడుకోబెడతావే?"

పెలెనైసి నీళ్లలోకి పరుగెత్తింది.

"పడుకోబెట్టకండి వదినగారూ! కూర్చోబెట్టండి! మీ గుండెకి ఆనించుకుని కూర్చోబెట్టండి!"

పడవ దిబ్బ సందు వైపు తిరిగింది. ఇంజన్ హోరెక్కువైంది. లతాయి ఒక చేత్తో పిల్ల తల పట్టుకుని, రెండో చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏంటీ?"

పెలెనైసి మెడలోతు నీళ్లలో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి గుండెకి హత్తుకుని, మళ్లీ ఎత్తి మళ్లీ హత్తుకుని చూపిస్తూనే ఉంది.